కొత్తల్లుడి ఎండ్రికాయ

కాలువ బందు పెట్టారన్న సంగతి మా ఊళ్ళో ఎవరూ చాటింపు వేసి చెప్పనక్కర్లేదు. నీళ్ళు దిగిన మర్నాడు పొద్దున్నే బురద వాసన ఇళ్ళలోకి వచ్చేస్తుంది. ఆ వాసన తగిలిందంటే మా బాపుకు కాలు నిలవదు. మిగతా ఊరంతా చేపల కోసం వలలు దులుపుకుంటుంటే మా ఇంట్లో మాత్రం సత్తు బకెట్లూ గోనె సంచులూ బయటికొస్తాయి. చేపలు ఎవరైనా పడతారు, ఎండ్రికాయ పట్టాలంటే గుండె కావాలి అని మా బాపు దశరథం నమ్మకం. ఆ నమ్మకం నాక్కూడా ఉంది.

ఎనభై ఎనిమిది డిసెంబరులో ఆ వాసన వచ్చిన పొద్దున నేను నిజానికి ఎగిరి గంతులెయ్యాలి. నల్లగొండ హాస్టల్లో క్రిస్మస్ సెలవులిస్తే ముందురోజు సాయంత్రమే హుజూర్‌నగర్‌లో బస్సు దిగి ఇంటికొచ్చాను. నా అదృష్టం కొద్దీ సుగుణత్త కూడా పుట్టింట్లోనే ఉంది. సుగుణత్త మా బాపు చెల్లెలు. బొరియలో చెయ్యి పెట్టడం నాకు నేర్పింది ఆమే. ఈత నేర్పిందీ, పేలు చూసిందీ, లెక్కల్లో సున్నా వచ్చినప్పుడు ఇంట్లో చెప్పకుండా దాచిందీ ఆమే. ఎండాకాలంలో పెళ్ళయి పోచంపల్లి వెళ్ళిపోయాక మేమిద్దరం కలవడం ఇదే మొదటిసారి. దసరా నుంచీ నేను ఈ సెలవుల మీదే బతుకుతున్నాను.

కాని అరుగు మీద ఆ మనిషి కూర్చుని ఉన్నాడు.

అమరేందర్ మామ, అత్త మొగుడు. నేను బస్సు దిగిన సాయంత్రమే ఆయనా దిగాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మాట మెత్తన. గోళ్ళ చుట్టూ ఎరుపూ నలుపూ రంగులు ఇంకిపోయిన వేళ్ళు. మేమూ పద్మశాలీలమే గాని సాగర్ కాలువ వచ్చినప్పుడు మా తాత మగ్గం విప్పేసి పొలం కొన్నాడు. మామ వాళ్ళది మాత్రం ఇప్పటికీ ఇల్లంతా మగ్గాలే. ఆయన మీద నాకు వేరే పగ ఏమీ లేదు. చాయ్ తాగి గ్లాసు కింద పెడుతూ ఒక్క మాటన్నాడు.

"రేపు పొద్దుగాల్ల బస్సుకు సుగుణను తీస్కపోత."

"రేపా?" అన్నాను నేను, పళ్ళు తోముకుంటున్నదాన్ని అట్లాగే నోట్లో నురగతో. "నేను నిన్ననే వచ్చిన. నాకు ఇంక మస్తు సెలవులున్నయ్. అత్త యాడికి పోదు."

"అరుణా! మామతోని గట్లనేనా మాట్లాడేది?" అని అమ్మ కసిరింది.

అత్త తల వంచుకుని ఎల్లిపాయలు ఒలుస్తోంది. పాపం, మొగుడి ముందు నోరు మెదపలేక కూర్చుందనుకుని ఆయన వంక మిర్రిమిర్రి చూశాను. ఆయన అరుగు కింద చెప్పులు సర్దుకున్నాడు.

అప్పుడు మా అవ్వ గోవిందమ్మ కలగజేసుకుంది. అవ్వ అల్లుడితో ముఖాముఖి మాట్లాడదు, అది ఆమె పద్ధతి. చెప్పాల్సిందేదైనా ఉంటే ఎదురుగా ఎవరుంటే వాళ్ళకు చెబుతుంది. ఆయన విని అర్థం చేసుకోవాలి. ఆ పూట ఎదురుగా బర్రె ఉంది.

"ఇన్నవానే?" అంది బర్రె మెడ గోకుతూ. "గీ ఇంటికి అల్లుడై వచ్చినోడు బొక్కల చెయ్యి పెట్టి ఎండ్రికాయ తియ్యాలె. మా అవ్వగారింట్ల గూడ గదే పద్ధతి. పెండ్లైనంక కాలువ బందైంది గిదే మొదలు. ఇయ్యాల తీస్తె రేపు పెండ్లాన్ని తీస్కొని సంబురంగ పోవచ్చు. తియ్యకుంటే పిల్ల ఈడనే ఉంటది, నా మనుమరాలు సెలవులు అయిపోయెదాంక. గంతే."

బర్రె నెమరు వేస్తూ విన్నది. మామ గుటక మింగుతూ విన్నాడు. పోచంపల్లిలో ఎండ్రికాయ పులుసు ఎన్నిసార్లు తిన్నాడో గాని, బొరియలో ఉన్న ఎండ్రికాయతో ఆయనకు పరిచయం లేదని మొహమే చెబుతోంది.

"తీస్త," అన్నాడు చివరికి.

బాపు తొడ చరిచాడు. "గదీ మాట! మా బావ అంటే ఏమనుకున్నరు?"

"మామకు బొక్కలు నేను చూపిస్త," అన్నాను.

అంత తొందరగా ఆ ఆలోచన ఎట్లా తట్టిందో తెలియదు. తట్టింది మాత్రం మంచి ఆలోచనే. మామకు ఎండ్రికాయ దొరక్కపోతే అత్త ఉంటుంది. దొరక్కుండా చూడటం నాకు చిటికెలో పని. దాన్ని మోసం అనేవాళ్ళు అనుకోవచ్చు. అప్పుడు నాకది న్యాయంగానే తోచింది, ఇప్పటికీ నా అభిప్రాయం పెద్దగా మారలేదు.

గట్టు మీద నడుస్తుంటే చలికి పళ్ళు టకటకలాడాయి. కోతలయిపోయిన పొలాల్లో కొయ్యకాళ్ళ మీద మంచు ఇంకా ఆరలేదు. ముందు బాపు, భుజం మీద పార. వెనక అమ్మ, నెత్తిన బియ్యం మూట, పులుసు సామాను. అవ్వ చేతిలో ఖాళీ బకెట్ ఊగుతూ కిర్రుమంటోంది. నేను పరుగెత్తాను. ఆగమని ఎవరు అరిచినా ఆగలేదు. కట్ట ఎక్కి కిందికి చూసేసరికి నా గుండె ఝల్లుమంది. నిన్నటిదాకా నిండుగా పారిన పిల్లకాలువ అడుగు కనబడుతోంది. అక్కడక్కడ మడుగులు, వాటి చుట్టూ తెల్లటి కొంగలు. రెండు వైపులా కట్ట పొడుగునా బొరియలే బొరియలు. వాటన్నిటిలో కాళ్ళు ముడుచుకుని మా కోసమే కూర్చున్నట్టు ఎండ్రికాయలు.

బొరియ చూసి లోపల ఎవరున్నారో చెప్పడం కష్టమేం కాదు. నోటి దగ్గర తడి బురద ఉండలు కొత్తగా తోసి ఉంటే, లోపలి నీళ్ళు మసకగా ఉంటే, ఎండ్రికాయ ఇంట్లో ఉన్నట్టు. నోటికి సాలెగూడు ఉంటే ఎప్పుడో ఖాళీ చేసి పోయినట్టు. నోరు నున్నగా, గుండ్రంగా, పొడిగా ఉంటే మాత్రం దాని జోలికి పోకూడదు. అందులో ఎలుక ఉంటుంది, లేకపోతే ఎలుకను మింగినది ఉంటుంది. ఇదంతా అత్త నాకు అయిదేళ్ళప్పుడే నేర్పింది.

దిగీ దిగగానే ఒక మంచి బొరియ కనబడితే నాకిక మామా లేడు, పందెమూ లేదు. లంగా ఎగ్గట్టి బోర్లా పడుకుని మోచేతి దాకా దూర్చాను. లోపల నీళ్ళు మంచులా ఉన్నాయి. మెల్లగా జరపాలి. వేళ్ళకు గట్టిగా, నున్నగా వీపు తగులుతుంది. తగిలిన ఆ క్షణం ఉంది చూశారూ, దాని ముందు పరీక్షలో ఫస్టు రావడం కూడా దిగదుడుపే. తగలగానే కిందికి అదిమిపెట్టి, వెనకనుంచి పట్టుకుని లాగాను. నా అరచెయ్యంత ఎండ్రికాయ, కత్తెరల్లాంటి డెక్కలు రెండూ గాల్లో ఆడిస్తూ బయటికొచ్చింది.

"అవ్వా! బకెట్!"

"నా తల్లి! నా బంగారు కొండ!" అని అవ్వ కట్ట మీదనుంచే అరిచింది. బకెట్లో పడి అది గరగరమని గీకుతుంటే ఆ చప్పుడుకు నాకు ఒళ్ళంతా సంతోషమే. అవతల బాపు ఒకటి తీశాడు. అమ్మ ఒకటి తీసి, బాపు తీసినదాని కంటే పెద్దదని చూపించి, మళ్ళీ పట్టించుకోనట్టు పక్క బొరియకు పోయింది. అత్త చీర కుచ్చిళ్ళు గోచీ పెట్టి, నడుముకు కొంగు చుట్టి, మడుగు దాటి అవతలి కట్టకు వెళ్ళింది. ఆమె వంగడం, లేవడం, బకెట్లోకి విసరడం చూస్తుంటే పెళ్ళి అనేది అసలు జరగనట్టే అనిపించింది.

మామ మాత్రం పంచె మోకాళ్ళ పైకి మడిచి, ఒడ్డున నిలబడి చూస్తున్నాడు.

"అరుణా," అని దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అది కరిస్తె వేలు తెగుతదా?"

"తెగదు మామా. ఎముక దాంక పోతది, గంతే."

ఆయన తన బొటనవేలూ చూపుడువేలూ కలిపి రాసుకుని చూసుకున్నాడు. "చిటికి కట్టాలంటే గీ రెండే గావాలె," అన్నాడు. దారానికి రంగు అంటకుండా సన్నటి ముడులు కట్టడాన్ని వాళ్ళు చిటికి కట్టడం అంటారు. నాకు జాలి వెయ్యబోయింది. వెయ్యనివ్వలేదు.

"రా మామా, గీడ మంచి బొక్క ఉన్నది," అని మొట్టమొదటి సాలెగూడు దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకుని, చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా పోయింది. లోపల ఏమీ లేదు. మొహంలో హాయిగా ఒక నవ్వొచ్చి, పందెం గుర్తుకొచ్చి, వెంటనే పోయింది.

"లేదు," అన్నాడు.

"దొంగది, లోపలికి జరిగింది. ఇంకోటి చూద్దాం."

అట్లా ఎన్ని ఖాళీ బొరియలు తిప్పానో లెక్కలేదు. ఒకచోట చొక్కా బురదయింది. ఒకచోట బోర్లా పడుకోమంటే పడుకున్నాడు, చెంపకు ఒండ్రు అంటింది. "ఏం బావా, లోపల ఎండ్రికాయతోని ముచ్చట పెడుతున్నవా?" అని బాపు అవతలనుంచి కేకేసి నవ్వాడు. "అల్లునికి జర గొంగడి పరువుండ్రే, ఆడనే పండెటట్టున్నడు," అని అవ్వ బకెట్లో ఉన్న ఎండ్రికాయలతో అంది. మామ కూడా నవ్వాడు. మొహం ఎర్రబడింది గాని లేచి పోలేదు. పట్టుదల గల మనిషే. పోనీ, అత్తకు మరీ పనికిరానివాణ్ణేం కట్టబెట్టలేదు అనుకున్నాను. అనుకుని ఇంకో ఖాళీ బొరియ చూపించాను.

ఎండ నెత్తి మీదికొచ్చింది. ఒకటిన్నర బకెట్ నిండింది. అమ్మ కట్ట మీద మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసింది. ఇంకొంచెం సేపు గడిస్తే అయిపోయినట్టే. అత్త ఉంటుంది. రేపు చెరుకు తోటకు పోవచ్చు, ఎల్లుండి మట్టపల్లి పోయి కృష్ణలో మునగవచ్చు. లోపల్లోపల నేను ఎగురుతున్నాను.

అప్పుడే అత్త మడుగు దాటి వచ్చింది. మోచేతుల దాకా బురద, మొహం నిండా చెమట. మామ చెయ్యి పెట్టబోతున్న బొరియను చూసింది. దాని నోటికి అడ్డంగా సాలెగూడు ఎండలో మెరుస్తోంది. తర్వాత నన్ను చూసింది. అత్తకు చెప్పాల్సిన అవసరం లేదు, ఆ విద్యంతా ఆమెదే.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవి కొరికి, నాలుగడుగులు అవతలికి నడిచి తుమ్మ మొద్దు కింద ఒక బొరియ దగ్గర నిలబడింది. కాలివేలితో అక్కడి బురదను మెల్లగా మీటింది. తడి ఉండలు, అప్పుడే తోసినవి. మామ వైపు చూసి, గడ్డం కొద్దిగా కిందికి వంచి మళ్ళీ ఎత్తింది. అంతే, అవతలికి తిరిగి కొంగు దులుపుకోసాగింది.

నాకు నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. అత్త ఎవరి పక్షం?

మామ లేచి ఆ బొరియ దగ్గరికి పోయాడు. ఈసారి కళ్ళు మూసుకోలేదు. పడుకుని చెయ్యి పెట్టాడు. మోచెయ్యి పోయింది, ఇంకా పోయింది, భుజం కట్టకు ఆనింది.

"ఉన్నది!" అన్నాడు ఊపిరి బిగబట్టి. "ఏదో ఉన్నది! కదులుతున్నది!"

బాపు పార పడేసి పరుగెత్తుకొచ్చాడు. అమ్మ గరిటెతో వచ్చింది. అవ్వ బకెట్ వదిలి కట్ట దిగింది, ఆమె కట్ట దిగడం నేనెప్పుడూ చూడలేదు.

"వీపు దొరికిందా? అదిమి పెట్టు బావా!"

"దొరికింది... లేదు... అమ్మో!"

ఆ అరుపుకు కొంగలన్నీ లేచిపోయాయి. మామ మొహం సున్నం కొట్టినట్టయింది. చెయ్యి గుంజుకోబోయాడు.

"గుంజకుండ్రి!" అత్త ఆయన పక్కన బురదలో కూలబడి భుజం పట్టుకుంది. "గుంజితే ఇంక గట్టిగ పడ్తది. కదలకుండ్రి. అదే ఇడుస్తది. నా దిక్కు చూడుండ్రి."

"నొస్తుందే," అన్నాడు మామ చిన్న గొంతుతో.

"నొస్తది. జరసేపే."

పొయ్యి మీద ఎసరు కుతకుతలాడుతోంది. మామ కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని చెయ్యి కదల్చలేదు. నా వేళ్ళు నాకే నొప్పి పుట్టాయి. వదలవే, వదలవే అని లోపల దాన్ని తిట్టాను. నేనెవరి పక్షమో కూడా మరిచిపోయాను.

"ఇడిసింది," అన్నాడు మామ.

"ఇప్పుడు అదుముండ్రి!" "అదుము బావా!" "అదుము మామా!"

చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చింది. భుజం, మోచెయ్యి, మణికట్టు, దాని చివర మా బకెట్లో ఉన్నవాటన్నిటి కంటే పెద్దది, నల్లటి వీపుది, పచ్చటి డెక్కలది. చూపుడువేలు నుంచి రక్తం కారుతున్నా మామ దాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. బాపు ఆయన్ని నడుం పట్టి గిరగిరా తిప్పాడు. "గిదీ అల్లుడంటే!" అని అవ్వ నేరుగా అల్లుడి మొహంలోకే చూసి అనేసి, నాలుక కరుచుకుంది. అందరికంటే గట్టిగా అరిచింది నేను. గొంతు పోయేలా అరిచాను, బురదలో గంతులేశాను, పక్క పొలంలో వాళ్ళు ఏమైందోనని పరుగెత్తుకొచ్చేలా అరిచాను.

అరవడం అయిపోయాక గుర్తొచ్చింది. రేపు పొద్దున బస్సు.

అత్త మడుగులో చేతులు కడుక్కుంటుంటే దగ్గరికి పోయాను. నా కోపం నాలో పట్టడం లేదు.

"ఎందుకు చూపించినవ్? నేను నీకోసమే కద ఆయన్ని గట్ల తిప్పుతున్న!"

అత్త చేతులు దులుపుకుని, నా రెండు చెంపలూ తడి చేతులతో పట్టుకుంది.

"నేనే రమ్మని కబురు పెట్టిన అరుణా, వచ్చి తీస్కపొమ్మని. నువ్వొచ్చెదాంక ఆగిన, నిన్ను చూసి పోదామని."

నేను అక్కడే చతికిలబడ్డాను. అత్త నా పక్కన ఒడ్డున కూర్చుంది.

"మా అత్త నన్ను మగ్గం ఎక్కనిచ్చింది. మొత్తం చీర చిటికి నేనే కట్టిన. అంచు పొంటి చిలుకలు. దారానికి రంగేసినప్పుడు ఏమీ కనబడది అరుణా, అన్నీ మరకలే. నేస్తుంటెనే బొమ్మొస్తది. మొదటి చిలుకకు ముక్కొచ్చింది, కన్నొచ్చింది. రెక్క కలుస్తదో, నా ముడి ఏడన్న తప్పిందో ఇంక ఎరుకగాదు. అంతల అవ్వ రమ్మన్నదని వచ్చిన. గప్పటిసంది నాకు నిద్ర పడ్తలేదు. కండ్లు మూస్తే గదే చిలుక."

చెబుతుంటే అత్త కళ్ళు ఎట్లా ఉన్నాయంటే, మొహం మీద ఇంకా ఆరని బురద ఉన్నా మెరిసిపోతున్నాయి. ఆ మొహం నాకు బాగా తెలుసు. నా చిన్నప్పుడు బొరియలో చెయ్యి పెట్టి, "ఉన్నదే!" అని నావైపు తిరిగే మొహం అదే. ఇన్నాళ్ళూ అది ఈ కాలువ దగ్గర మాత్రమే ఉంటుందనుకున్నాను. పోచంపల్లిలో కూడా ఉందని తెలిసేసరికి నాకు గుండెల్లో కలుక్కుమంది. నేను అక్కడ లేను కదా. నేను లేకుండా కూడా అత్త అంత సంతోషంగా ఉండగలదు కదా.

లేచి విసవిసా వెళ్ళి దూరంగా కూర్చున్నాను, అందరికీ వీపు పెట్టి. అన్నానికి పిలిచారు, పోలేదు. ఎల్లిపాయ, ధనియాల పొడి, చింతపండు పులుసు కలిసి ఉడికిన వాసన గాలి మీద వచ్చింది. ఇంకొంచెం సేపు కూర్చున్నాను. కోపం కోపమే, ఎండ్రికాయ ఎండ్రికాయే. లేచి వెళ్ళి కంచం ముందు కూర్చున్నాను. అవ్వ గరిటె నిండా వేసింది.

ఎదురుగా మామ వేలికి పసుపు పెట్టి గుడ్డ కట్టారు. తాను పట్టిన ఎండ్రికాయ డెక్కను ఎడమచేత్తో పట్టుకుని పగలగొట్టలేక తంటాలు పడుతున్నాడు. చూసి చూసి విసుగొచ్చి లాక్కున్నాను. రాయి మీద పెట్టి ఒక్క దెబ్బ వేసి, లోపలి కండ చెదరకుండా తీసి ఆయన కంచంలో పెట్టాను.

"నువ్వు నన్ను ఖాళీ బొక్కలకాడ తిప్పినవని నాకెరుకే," అన్నాడు మెల్లగా, ఎవరికీ వినబడకుండా. "సాలెగూడు నాక్కూడ కనబడ్డది బిడ్డా. గవే నయమనిపించినయ్ నాకు."

నవ్వొద్దనుకున్నా నవ్వొచ్చింది. ముక్కులోంచి కారం పులుసు వచ్చేంత నవ్వొచ్చింది. అత్త నా వీపు తట్టింది.

"అత్తా," అన్నాను దగ్గు తగ్గాక. "ఎండాకాలం సెలవులకు పోచంపల్లి నేనొస్త. రెక్క నేనొచ్చినంక నెయ్యి. అప్పటిదాంక ఆపు."

"ఎండాకాలం దాంకనా?" అత్త చేతిలో ముద్ద ఆగిపోయింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అమ్మో, నాతోని గాదే తల్లీ. పొయ్యిన రోజే కూసుంట."

కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. బొరియలో చేతికి వీపు తగిలాక, రేపు తీద్దాంలే అని లేచిపోయినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. తెల్లవారి వాళ్ళ సంచి బస్సు దాకా నేనే మోశాను.